ఆకు పంపిన కబురు

పిల్లలూ! చిన్నప్పుడు నాకొక చెడ్డ అలవాటుండేది. కనిపించిన మొక్క ఆకునల్లా తుంచి, నలిపి పారేసేవాణ్ణి. ఒకనాడు పెరట్లో వంగమొక్క ఆకులు తుంచుతూంటే మా అమ్మమ్మ చూసి, "ఒరే, ఊరికే ఎందుకురా దాన్ని పీడిస్తావు?" అన్నది.

"దానికేం తెలుస్తుంది, అమ్మమ్మా?" అన్నాను.

అమ్మమ్మ మరి మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు జవాబు నాకు చాలా ఏళ్ళకు గాని దొరకలేదు.

2018లో మసత్సుగు టొయోటా, సైమన్ గిల్రాయ్ అనే శాస్త్రజ్ఞులు, వారి సహచరులు ఒక వింతను వెల్లడించారు. వారు ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కను తీసుకుని, దాని కణాలలో కాల్షియం ఎక్కడ పెరిగితే అక్కడ వెలుగు కనిపించేటట్టు చేశారు. కాల్షియం అంటే మరేమీ కాదు; మన ఎముకలలోనూ, సున్నంలోనూ ఉండేదే. తరవాత ఒక గొంగళిపురుగును ఆకు మీద వదిలారు.

పురుగు ఆకును కొరికింది. కొరికిన చోట వెలుగు పుట్టింది! అది ఈనెల వెంట పాకుతూ దూరాన ఉన్న ఆకులకు వెళ్ళింది. దాని వేగం సెకనుకు సుమారు 1 మిల్లీమీటరు. చీమ నడక కన్న నెమ్మదే! అయినా ఒకటి రెండు నిమిషాలలో దూరపు ఆకులకు కబురందింది.

ఇది ఎలా జరుగుతుంది? ఆకు తెగినప్పుడు చితికిన కణాలలోంచి గ్లూటమేటు అనే పదార్థం బయటపడుతుంది. మన మెదడులో కబుర్లు మోసే పదార్థాలలో ఇదీ ఒకటి! అది పక్క కణాల తలుపులు తడుతుంది. తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. ఆ తలుపులు లోపించిన మొక్కలలో దూరపు ఆకులకు కబురు సరిగా అందలేదు.

కబురందిన ఆకులలో జాస్మోనిక్ ఆమ్లం తయారవుతుంది. దాని ప్రేరణతో మొక్కలు పురుగుకు రుచించని, అరగని పదార్థాలను సిద్ధం చేసుకుంటాయి. పురుగు ఇంకా ముట్టని ఆకులు కూడా ముందే జాగ్రత్తపడతాయన్నమాట!

కత్తెరతో ఆకును కత్తిరించినా ఇలాగే జరిగింది.

"అయితే మొక్కకు నొప్పి పుడుతుందా?" అని మీరడగవచ్చు. మొక్కకు మెదడు లేదు, నరాలు లేవు. కనక మనకు కలిగే నొప్పి వంటిది దానికీ ఉన్నదనటానికి ఆధారం లేదు. కాని దెబ్బ తగిలిన సంగతి మాత్రం మొక్కలో మిగతా భాగాలకు అందుతుంది.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆమెకు చెప్పలేకపోయిన జవాబు మీకు చెబుతున్నాను. ఈసారి పురుగు కొరుకుతున్న ఆకు కనిపిస్తే, పక్క ఆకుల కేసి కూడా చూడండి. అవి ఊరికే నిలబడినట్టే ఉంటాయి. కాని వాటికి కబురు ఈపాటికి అందే ఉంటుంది.