గీజరులో చప్పుడు

ధ్యాన భాగము: ప్రకటన 3:14-22



డిసెంబరు వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తెల్లవారేసరికి పొలాల మీద మంచు దుప్పటి. రాత్రి క్రిస్మస్ పాటలకు ఇల్లిల్లూ తిరిగి వచ్చినవారికి ఉదయం వేడినీళ్లు లేనిదే ఒళ్లు కదలదు. ఒకప్పుడు పెరట్లో కట్టెల పొయ్యి మీద గుండిగ ఉండేది. కొన్ని ఇళ్లలో మధ్య గొట్టంలో బొగ్గులు వేసే రాగి బాయిలరు ఉండేది. ఇప్పుడు పల్లెల్లోకి కూడా గీజర్లు వచ్చాయి. నాగావళి, వంశధార, చంపావతి నీళ్లు కుళాయికి అందని ఊళ్లలో ఆ గీజర్లలోకి వెళ్లేది బోరు నీళ్లే.

ఈ మధ్య మేముంటున్న ఇంట్లో గీజరు స్విచ్ వేయగానే గరగరమని, కాసేపటికి బుడబుడమని, ఆ తరువాత ఎవరో లోపలినుండి కొట్టినట్టు టక్ టక్ మని చప్పుడు మొదలైంది. తలుపు వేసేయమని ఒకరు, కొత్తది కొనమని ఒకరు సలహా ఇచ్చారు. మేము ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాము. ఆ తమ్ముడు మెయిన్ ఆపి, నీళ్లన్నీ వదిలేసి, అడుగున మూత విప్పాడు. కాయిల్ చుట్టూ తెల్లగా, మందంగా గార. కింద రెండు దోసిళ్ల సున్నం.

"మిషన్ బాగానే ఉందండి అయ్యగారూ. లోపల ఏటి పేరుకుందో అదే అరుస్తోంది" అన్నాడు.

సంగతి ఇది. భూమిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు బోరు నీటిలో కరిగి ఉంటాయి. నీరు కాగినప్పుడు అవి గారగా మారి కాయిల్‌కు అంటుకుంటాయి. ఆ గార కింద చిక్కుకున్న కొద్దిపాటి నీరు మితిమీరి కాగి, ఆవిరి బుడగలై పగులుతుంది. మనం వినే చప్పుడు అదే. తాగే నీటిలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 600 వరకు సహించవచ్చని మన దేశపు ప్రమాణం. నీరు ఎంత వేడెక్కితే గార అంత త్వరగా కడుతుంది. అతడు గారను నిమ్మ ఉప్పు నీళ్లతో కరిగించి, కడిగి బిగించాడు. చప్పుడు పోయింది, నీళ్లూ త్వరగా కాగుతున్నాయి.

వెళ్తూ ఒక హెచ్చరిక చెప్పాడు. లోపల ఒత్తిడి పెరిగితే బయటికి వదలడానికి గీజరుకు సేఫ్టీ వాల్వు ఉంటుంది. అది కారుతోందని కొందరు బిరడా బిగిస్తారట. అలా చేస్తే గీజరు పేలి ప్రాణాల మీదికి వస్తుంది.

ఆ మాట విన్నాక మాకు లవొదికయ సంఘము గుర్తుకు వచ్చింది. ఆ పట్టణం నేటి టర్కీ దేశంలో ఉంది. సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని హియెరాపొలిలో వేడినీటి ఊటలు. ఆ నీటిలోని సున్నం పేరుకుని అక్కడి కొండవాలంతా నేటికీ తెల్లగా కనబడుతుంది. లవొదికయకు నీళ్లు దూరపు ఊటలనుండి గొట్టాల ద్వారా వచ్చేవి. తవ్వకాల్లో బయటపడిన ఆ గొట్టాల లోపల కూడా మందమైన సున్నపు గార ఉంది. ఆ సంఘానికి ప్రభువు రాయించిన ఉత్తరంలో హింసల మాట లేదు, దుర్బోధకుల మాట లేదు. వారికి ఏ కొదువా లేదనుకున్నారు. చప్పుడు లేని సంఘము అది. లోపల మాత్రం గార కట్టింది.

మా సంఘములో ఒక సహోదరి ఉన్నారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాము. స్త్రీల కూడికలో చాపలు పరచిన తీరు మొదలు కానుకల లెక్క వరకు ఆమెకు ప్రతిదీ తగువే. "కొన్నాళ్లు రావద్దని చెప్పండి అయ్యగారూ" అని కొందరు అడిగారు. మేము ఇద్దరు పెద్దమ్మలను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి కూర్చున్నాము. మొదటి గంటంతా ఊరి మీద ఫిర్యాదులు. ఆ తరువాత ఏడుపు. పనికోసం చెన్నై వెళ్లిన భర్త ఏడాదిగా డబ్బు పంపడం లేదు, ఫోను ఎత్తడం లేదు. కూతురి చదువుకు వడ్డీకి తెచ్చిన అప్పు పెరిగిపోతోంది. ఈ సంగతి ఆమె కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు.

అప్పు ఇంకా తీరలేదు. భర్తనుండి కబురూ లేదు. అయితే పెద్దమ్మలు వడ్డీ వ్యాపారి దగ్గరకు ఆమెతో కలిసి వెళ్లి గడువు అడిగారు. ఆదివారము ఆమెకు చెరోపక్క కూర్చుంటున్నారు.

ప్రియులారా, మీ ఇంట్లో కోడలు గిన్నెలు ఎత్తి కొడుతున్నదా? కొడుకు తలుపు దడాలున వేస్తున్నాడా? ముసలి తండ్రి రోజంతా గొణుగుతున్నాడా? బిరడా బిగించకండి. పక్కన కూర్చోండి, లోపల ఏమి పేరుకుందో విప్పి చెప్పుకోనివ్వండి. లవొదికయవారిని గద్దించిన ప్రభువే వారి తలుపు బయట నిలబడి తట్టుతున్నాడు. వినేవారు తీస్తే లోపలికి వచ్చి వారితో కలిసి భోజనము చేస్తానన్నాడు. ఈ క్రిస్మస్‌కు మన ఇంట్లో వినబడే చప్పుడు వెనుక ఆయన తట్టుతున్న శబ్దము కూడా ఉండవచ్చు.

ప్రార్థన: ప్రభువా, మా హృదయములలో ఏళ్లుగా పేరుకున్న కాఠిన్యమును కరిగించుము. మా మధ్య నోరు విప్పి మొరపెట్టేవారిని ఓపికతో వినే చెవులు మాకు దయచేయుము. ఏ సడీ లేక లోలోపల నలిగిపోతున్నవారి ఇంటికి మమ్మును నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.