పుస్తకాల తాత ఇచ్చిన మాయకథలు

నాది కలిగిరి మండలం, యానాదుల ఇంటి పిల్లోడిని. మొన్న ఆత్మకూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, మీ కాలనీలో పిల్లలకు కథల పుస్తకాలు చదివిస్తుండావంట గదా, మేం కూడా కొనాలనుకుంటుండాం, ఏం కొనమంటావు" అని అడిగినాడు. ఫోనులో చెబితే తెగేది కాదు. అందుకే రాస్తుండా. కొంచెం పొడుగైతే తిట్టుకోవద్దు.

మా కాలనీలో సాయంత్రం పూట తొమ్మిది మంది పిల్లలు మా ఇంటి ముందు వేపచెట్టు కింద చేరతారు. కలిగిరిలో పొగాకు వేలం కేంద్రం ఉంది, చాలామందికి తెలిసే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లలో బ్యారన్లు కాలే నెలల్లో మా వాళ్లకు చేతినిండా పని. చీకటి పడితే గానీ ఇళ్లకు రారు. పిల్లలు బడి ఎగ్గొట్టేది కూడా ఆ నెలల్లోనే. ఊరికే తిరుగుతుండారు గదా, నాలుగు అక్షరాలు చెబుదామని కూర్చోబెట్టినా. గుణింతాలు మొదలుపెట్టిన పదో నిమిషానికి ఒకడు ఉడతను తరుముకుంటూ పోయేవాడు, వాడి వెనక మిగిలినోళ్లు. నాకూ నవ్వొచ్చేది, ఎందుకంటే ఆ వయసులో నేను చేసిందీ అదే.

వాళ్లలో ఐదో తరగతి పాప ఒకటి ఉంది. పేరు రాయను, అందరం చిన్నమ్మీ అనే పిలుస్తాం. తెలుగు వాచకంలో పాఠం గడగడా చదివేసేది. నాకు బో సంతోషం. ఒకరోజు చూద్దును గదా, చదివేది మూడో పాఠం, తెరిచి పట్టుకుంది ఏడో పాఠం! బడిలో పక్క పిల్లలు చదువుతుంటే విని కంఠతా పట్టేసింది. ఐదేళ్లు బడికి పోయిన పిల్లకు ఒక్క వాక్యం చదవడం రాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను చదువు పని మీద కావలి పోతుంటాను. అక్కడ రోడ్డు పక్కన పట్ట పరిచి పాత పుస్తకాలు అమ్మే ఒక తాత ఉండాడు. ఆయన దగ్గరికి పోయి, "తాతా, పిల్లలకు నీతికథల పుస్తకాలు ఉంటే ఇయ్యి" అన్నా.

"నీతి ఎవరికి కావాల అబయా, నీకా, పిల్లోళ్లకా?" అన్నాడు. నేను నీళ్లు నమిలినా. ఆయన మూడు సంగతులు అడిగినాడు. ఎంతమంది పిల్లలు? వాళ్లలో కూడబలుక్కుని అయినా చదవగలిగినోళ్లు ఎందరు? రాత్రి పూట లైటు ఉందా? ఇంతవరకు ఏ పుస్తకాల షాపులోనూ నన్ను ఎవరూ ఇట్టా అడగలేదు. ధర చెప్పి ఊరుకుంటారు.

ముందు ఆయన తీసింది పాత చందమామలు, వరసగా ఉన్న పది సంచికలు. "విడివిడిగా కొనొద్దు. సీరియల్ వరస తప్పిందంటే పిల్లోళ్లు నిన్ను తంతారు" అన్నాడు. చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. పెట్టినోళ్లు నాగిరెడ్డి, చక్రపాణి. 1951లో పాతాళ భైరవి సినిమా తీసిందీ వాళ్లే. తోటపని చేసుకునే ఇంటి కొడుకు మాంత్రికుడిని గెలిచి రాజకుమారిని పెళ్లాడే కథ అది. పత్రికలోనూ ఆ గాలే ఉండేది. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, ఈ సీరియళ్లన్నీ దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసినవి. తోకచుక్క వచ్చింది 1954లో. వాటికి చిత్ర గారి బొమ్మలు. పత్రికలో సీరియల్ మీద రచయిత పేరే వేసేవాళ్లు కాదంట. ఇళ్లిళ్లా పిల్లలు నెలంతా ఎదురుచూసిన కథలకు రాసినాయన పేరే తెలియకపోవడం ఏంది అనిపించింది నాకు. ఆయన 2010లో చనిపోయినారు. ఇప్పుడు చందమామ రావడం లేదు గానీ ఆ సీరియళ్లు కొన్ని పుస్తకాలుగా దొరుకుతుండాయి.

రెండోది, రష్యా జానపద కథలు. మాస్కోలో ప్రగతి, రాదుగ అనే ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చేసి పంపేవి, విశాలాంధ్ర వాళ్లు అమ్మేవాళ్లు. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, పుస్తకాలూ ఆగిపోయినాయి. దళసరి కాగితం, రంగుల బొమ్మలు. కోడికాళ్ల మీద నిలబడే గుడిసెలో ఒక మంత్రగత్తె ఉంటుంది, పేరు బాబా యాగా. మా పిల్లలకు ఆ గుడిసె మీద ఉన్నంత మోజు ఏ రాజు కోట మీదా లేదు. మన గుడిసెకు కూడా కాళ్లుంటే వాన నీళ్లు లోపలికి రావు గదన్నా అన్నాడు ఒకడు.

మూడోది, అసలు చదవడం రానోళ్లకు. పేజీ నిండా బొమ్మ, కింద రెండు లైన్లు ఉండే పలచటి పుస్తకాలు. సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్లవి కొన్ని ఇచ్చినాడు. కాశీ మజిలీ కథలు కూడా చూపించినాడు గానీ పిల్లల చేతికి మాత్రం ఇయ్యొద్దన్నాడు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి భాష మనకే కష్టం. నువ్వు చదువుకుని నోటితో చెప్పు అన్నాడు. అందులో నాకు నచ్చింది ఒకటుంది. కాశీకి పోయే మణిసిద్ధుడికి తోడుగా ఒక పశువుల కాపరి పిల్లోడు బయలుదేరతాడు. మజిలీ మజిలీకీ ఒక కథ చెబితేనే వస్తానని ముందే మాట తీసుకుంటాడు. మన పిల్లోళ్లు కూడా పనికి పోయేముందు అట్టా బేరం పెడితే బాగుండు. హారీ పోటర్ అడిగితే, తెలుగులో మొదటి భాగం ఉంది గానీ ఏడో తరగతి దాటనీ అన్నాడు.

ఆయన చెప్పిన కిటుకు ఒక్కటే. చదివి వినిపించు, బాగా ఊపు మీద ఉన్నప్పుడు ఆపేసి పుస్తకం అక్కడే పెట్టి పో. నేను అట్టానే చేసినా. కంచుకోట చదువుతుంటే పిల్లలు ఉదయగిరి దుర్గాన్ని ఊహించుకున్నారు, వాళ్లలో ఇద్దరు అమ్మానాన్నలతో బొగ్గుల పనికి పోయి దాన్ని చూసినోళ్లు. ఒకసారి కథ సగంలో ఆపి నెల్లూరు పరీక్షకు పోయినా. మూడు రోజులకు తిరిగొచ్చేసరికి చిన్నమ్మీ ఎదురొచ్చి తరువాత ఏం జరిగిందో చెప్పింది. ఎవరు చెప్పినారే అంటే, నేనే చదివినా అంది. నమ్మక, ఎప్పుడూ వినని పేజీ తీసి చదవమన్నా. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఒక పేరాకు పావుగంట పట్టింది. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నా, రాయడానికి సిగ్గేం లేదు.

ఇక్కడితో ఆపితే బాగుండేది.

కొన్నాళ్లకు ఒక పాత పుస్తకంలో కథ వచ్చింది. ఏ పుస్తకమో పేరు రాయను, అట్టాంటివి ఒకటా రెండా. రాజకుమారుడు అడవిలో దారి తప్పుతాడు. ఆటవికులు పట్టుకుని చెట్టుకు కట్టేసి, డప్పులు కొడుతూ చుట్టూ ఎగురుతారు, తెల్లారితే బలి ఇస్తారు. బొమ్మ కూడా ఉంది. నల్లటి ఒళ్లు, గోచి, ముడేసిన జుట్టు, చేతిలో విల్లు. చిన్నమ్మీ చాలాసేపు ఆ బొమ్మనే చూసి, "అన్నా, ఆటవికులంటే మనమేనా? ఈయన మా తాత మాదిరే ఉండాడు" అంది. మగపిల్లలు కిసుక్కున నవ్వినారు. అది కథలేమ్మా అన్నా. అంతకంటే మాట రాలేదు నాకు. ఆత్మకూరులో నేను చదువుకునేటప్పుడు మన కులం పేరును తిట్టు కింద వాడినోళ్ల మొహాలన్నీ గుర్తొచ్చినాయి. చిన్నమ్మీ వారం రోజులు పుస్తకం ముట్టలేదు.

నేను కోపంగా కావలి పోయి ఆ పుస్తకం తాత ముందు పెట్టినా. "ఇది చూసే ఇచ్చినావా?" అన్నా. ఆయన బొమ్మ చూసినాడు, నన్ను చూసినాడు. "చూడలేదు అబయా. నాకు కనపడలేదు. నీకు కనపడింది" అన్నాడు. పుస్తకం పక్కన పెట్టి టీ చెప్పినాడు. అప్పుడు గుణాఢ్యుడి కథ చెప్పినాడు. డిగ్రీలో ఒక మార్కు ప్రశ్న కింద బట్టీ పట్టినా గానీ కథ నాకు తెలియదు.

శాతవాహన రాజు కొలువులో గుణాఢ్యుడని ఒక పండితుడు. రాజుకు సంస్కృతం సరిగా రాక రాణి ముందు నవ్వులపాలైనాడు. ఆ భాష నేర్పాలంటే ఆరేళ్లు పడుతుందన్నాడు గుణాఢ్యుడు. ఆరు నెలల్లో నేర్పుతానన్నాడు ఇంకో పండితుడు. అట్టా నేర్పితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కాసి ఓడిపోయినాడు. మాట లేనోడై వింధ్య అడవులకు పోయినాడు. అక్కడ పైశాచి అనే భాష నేర్చుకుని అందులో ఏడు లక్షల శ్లోకాల కథలు రాసినాడు. సిరా లేక తన నెత్తురుతో రాసినాడంట. రాజుకు పంపితే, పిశాచాల భాష, పైగా నెత్తురు రాత అని వెనక్కి తోసేసినాడు. గుణాఢ్యుడు అడవిలో మంట పెట్టి ఒక్కో ఆకు చదువుతూ అందులో వేయడం మొదలుపెట్టినాడు. జింకలు, అడవిపందులు అన్నీ మేత మానేసి కన్నీళ్లు కారుస్తూ విన్నాయంట. కోటలో రాజుకు జబ్బు చేసింది. వైద్యులు ఎండిన మాంసం వల్లనే అన్నారు. వంటోళ్లు వేటగాళ్ల మీద పెట్టినారు. వేటగాళ్లే చెప్పినారు అడవిలో జరిగేది. రాజు పరిగెత్తుకుంటూ పోయేసరికి ఆరు లక్షలు కాలిపోయినాయి, లక్ష మిగిలింది. అదే బృహత్కథ. ఆ పైశాచి పుస్తకం ఇప్పుడు లేదు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరులో సోమదేవుడు దాన్ని సంస్కృతంలో కథాసరిత్సాగరంగా రాసినాడు. విక్రమార్కుడి భుజం మీద బేతాళుడు చెప్పే పాతిక కథలు అందులోనివే. చందమామ బేతాళ కథలకు మొదలు అక్కడుంది.

"పిశాచాల భాషంటే ఎవరి భాష తాతా" అన్నా. "కోటలో కూర్చున్నోడు అడవిలో మనుషులకు పెట్టిన పేరు అబయా" అన్నాడు. కొందరు పండితులు కూడా పిశాచులంటే దెయ్యాలు కాదు, ఒక జాతి జనమే అన్నారని తరువాత చదివినా. తాత మాట అంతా సరైనదో కాదో నేను తేల్చలేను. కానీ ఆ కథలో రాజుకు నిజం చెప్పింది వేటగాళ్లు, అది మాత్రం అందులోనే ఉంది. బొమ్మ ఉన్న పుస్తకం మాత్రం ఆయన డబ్బులు తిరిగిచ్చి వెనక్కి తీసుకోబోయినాడు. నేను ఇయ్యలేదు. అది మా పెట్టెలోనే ఉంది. పెద్ద పిల్లలతో దాన్ని ముందు పెట్టుకుని మాట్లాడతాను. చిన్నోళ్లకు ఇప్పుడే చూపించను.

ఈ కథ పిల్లలకు చెబితే అందరూ జంతువులు ఏడ్చిన దగ్గర ఆగిపోయినారు. చిన్నమ్మీ మాత్రం, "కాలిపోయిన ఆరు లక్షలు ఆ జంతువులకు తెలుసు గదన్నా?" అంది. నేను తెలుసన్నా. ఆ రాత్రి వాళ్ల అవ్వను కూర్చోబెట్టి కథ చెప్పమని పీడించింది. అవ్వ మొదట పెంచలకోన కథ ఎత్తుకుంది. హిరణ్యకశిపుడిని చంపినాక ఉగ్రంగా కొండల్లో తిరిగే నరసింహస్వామిని చల్లార్చింది మన చెంచుల పిల్ల, ఆదిలక్ష్మి అలిగి దూరంగా పోయి కూర్చుంది. తరువాత పుట్టలో పామును మొగుడిగా చేసుకున్న ఒక యానాది పిల్ల కథ చెప్పింది. అది నేనే వినలేదు. ఇన్నేళ్లు ఆ ఇంటికి పక్కనే ఉండి, కథలు కొనడానికి కావలి పోయినా.

తమ్ముడు అడిగిన దానికి జవాబు. ముందు బొమ్మల పలచటి పుస్తకాలు ఐదారు, తరువాత ఒకే సీరియల్ వరసగా ఉన్న చందమామలు గానీ పుస్తకంగా వచ్చింది గానీ ఒకటి. రష్యా కథలు దొరికితే అస్సలు వదలొద్దు. ప్రతిదీ పిల్లలకు ఇయ్యకముందు మీరు చదవండి, బొమ్మలు కూడా చూడండి. బీరువాలో పెట్టి తాళం మాత్రం వేయొద్దు. నేను చదివిన హాస్టల్లో పుస్తకాలు ఉండేవి, తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో మాకు ఎప్పుడూ తెలియలేదు. మా పుస్తకాలు రేకు పెట్టెలో ఉంటాయి, గొళ్లెం కూడా లేదు. రెండు పోయినాయి, పోనీ.

చిన్నమ్మీ ఇప్పుడు వాళ్ల అవ్వ పాము కథ నోట్‌బుక్కులో రాస్తా ఉంది. అన్నీ తప్పులే, నేను దిద్దలేదు. పోయిన వారం కథ సగంలో ఉండగానే అవ్వ రొయ్యల గుంటల కాపలాకు పోయింది, ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ పేజీ చివర చందమామలో మాదిరే 'ఇంకా వుంది' అని రాసుకుంది.

వచ్చే ఆదివారం కావలి పోతుండా. పుస్తకాలు కావాల్సినోళ్లు శనివారం లోపల చెప్పండి. పిల్లలు ఎంతమందో, రాత్రి పూట లైటు ఉందో లేదో కూడా రాయండి. తాత అడుగుతాడు.