మంచినీళ్లు

తాగే నీటికి మన తెలుగువారు పెట్టుకున్న పేరు ‘మంచినీళ్లు’. అమరకోశం నీటికి చెప్పిన పర్యాయపదాలలో ‘జీవనం’, ‘అమృతం’ కూడా ఉన్నాయి. ఎన్నో ఏళ్లు తరగతి గదిలో పిల్లలచేత ఈ పదాలు వల్లె వేయించాను. అయితే ఏ నీళ్లు మంచివి, ఆ మంచిని నిర్ణయించేదెవరు అన్న ప్రశ్న నాకు తోచింది ఉద్యోగ విరమణ తరువాతనే.

మా మక్తల్ ప్రాంతం నదికి దూరమేమీ కాదు. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది, భీమానది వచ్చి ఆమెను కలిసేది మాకు చేరువలోని తంగిడి దగ్గరే. అయినా నా బాల్యంలో మా ఇళ్లకు ఆధారం చేదబావే. నీటి గుణాన్ని నాలుకతోనూ, పొయ్యి మీదనూ పరీక్షించేవారు. పప్పు త్వరగా ఉడికితే మంచినీళ్లు, బద్దలు బద్దలుగా మిగిలితే ఉప్పునీళ్లు. తెల్లవారకముందే నీళ్లు చేది, బిందె మూతికి పలుచని గుడ్డ కట్టి వడగట్టి, గోళెంలో నింపేవారు.

తరువాత బోరింగులు వచ్చాయి. లోతుకు పోయినకొద్దీ రాతి పొరల్లోని ఫ్లోరైడు నీటిలో కలిసి పైకి వచ్చింది. దానికి రంగు లేదు, వాసన లేదు. పప్పు చక్కగా ఉడికినంత మాత్రాన ఫ్లోరైడు లేదని చెప్పలేము. నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన నడుములు చూసినవారికి ఆ సంగతి వేరే చెప్పనవసరం లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందిస్తే, దానికి ‘నల్లగొండ విధాన’మన్న పేరే స్థిరపడింది. ఒక జిల్లా కష్టం ఒక శాస్త్రవిధానానికి పేరైంది.

2016లో మిషన్ భగీరథ ఆరంభమయ్యాక నదీజలాలు శుద్ధి అయి ఇంటింటి నల్లాలకు రావడం మొదలైంది. విచిత్రమేమిటంటే, నల్లా వచ్చినా డబ్బా పోలేదు. ఇరవై లీటర్ల డబ్బా కొని తాగడం, నల్లా నీళ్లతో గిన్నెలు తోమడం – మా వీధిలో చాలా ఇళ్ల పద్ధతి ఇదే. కూలికి పోయే ఇల్లాలు కూడా తన కూలిలోంచి డబ్బాకు పైకం తీసి పక్కన పెడుతుంది. కారణమడిగితే ‘నల్లా నీళ్లకు మందు వాసన’ అంటారు. ఆ వాసన క్లోరిన్‌ది. దారిలో పైపులో క్రిములు చేరకుండా అది కాపలా ఉంటుంది. పాత్రలో పోసి కాసేపు ఉంచితే వాసన తగ్గుతుంది. యంత్రంలో వడపోసిన నీటిలో ఆ కాపలా మిగలదు. డబ్బా సరిగా కడగకపోతే ఆ శుద్ధికి అర్థమే లేదు. పైగా ఆ యంత్రం కొంత నీటిని మనకిచ్చి, చాలా నీటిని కాలువపాలు చేస్తుంది. లీటరులో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు మించని చోట ఈ యంత్రాలను నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది కూడా. బోరునీళ్లలో ఫ్లోరైడు ఉన్నచోట ఆ యంత్రం మేలు చేస్తుంది, కాదనను. కానీ ఏ నీటికి ఏ మందు అవసరమో పరీక్ష చేయించి తెలుసుకునేవారు మాలో ఎందరు?

ఇవన్నీ చదివి తెలుసుకున్నాను గాని, మా ఇంట్లోనూ డబ్బాయే ఉండేది. ఒకనాడు నా పూర్వ విద్యార్థి చూడవచ్చాడు. ఊళ్లో నల్లా నీళ్లు విడిచే పని అతనిది. కోడలు మర్యాదగా గ్లాసు నిండా డబ్బా నీళ్లు తెచ్చి ఇచ్చింది. అతడు తాగి, గ్లాసు కింద పెట్టి, నవ్వుతూనే అన్నాడు: “మీరు గూడ డబ్బా నీళ్లేనా సార్? మేమిడిసేటియి గిన్నెలకేనా?”

ఆ నవ్వు నన్ను యాభై ఏళ్లు వెనక్కి తీసుకుపోయింది. అతని తాత మా పొలంలో పనిచేసేవాడు. మా బావి చేంతాడు ముట్టే అధికారం ఆయనకు లేదు. ఎండలో వచ్చి వాకిట్లో వంగి దోసిలి పడితే, చెంబు తగలకుండా ఎత్తి పోసేవారం. మా నాయనమ్మ చెంబు నా చేతికిచ్చేది. పోసింది నేనే. అంబేడ్కర్ మహాడ్‌లో చౌదారు చెరువు నీళ్లు దోసిట పట్టి తాగింది 1927లో. అస్పృశ్యతను నేరంగా ప్రకటించిన చట్టం వచ్చింది 1955లో. నేను చెంబు ఎత్తింది ఆ రెండింటి తరువాతనే.

నాడు మా ఇంటి నీళ్లకు ఆ తాతను దూరంగా ఉంచాము. నేడు ఆయన మనవడు పంపిన నీళ్లు మా ఇంటికి వస్తే వాటినే దూరంగా ఉంచాము. నేటి కారణం కులం కాదు, నిజమే. కానీ నీటిని నీటి గుణంతో కాక మరొకదానితో తూచే అలవాటు మాత్రం పోలేదు. ఆనాడు ముట్టే చేతిని చూశాము, ఈనాడు ఇచ్చే ధరను చూస్తున్నాము. ఊరికే వచ్చేది మంచిది కాదన్న అనుమానం మనలో పాతుకుపోయింది.

ఆ వారంలోనే మా నల్లా నీళ్లు పరీక్షకు పంపాను. తాగడానికి పనికివస్తాయని తేలింది. ఇప్పుడు నేనూ, నా భార్యా నల్లా నీళ్లే బిందెలో పట్టి, మూతపెట్టి, తాగుతున్నాము. కోడలు మాత్రం వచ్చినవారి కోసమని ఇంకా ఒక డబ్బా తెప్పిస్తుంది. “నల్లా నీళ్లిస్తే ఏమనుకుంటారు మామయ్యా?” అంటుంది. ఆమెతో వాదించలేదు. ఆ మాటలో ఊరు ఊరంతా ఉంది.

ఆ అబ్బాయి మొన్న మళ్లీ వచ్చాడు. ఈసారి నేనే లేచి బిందెలోంచి చెంబుతో ముంచి తెచ్చి, అతని చేతికిచ్చాను. తాగాడు. అతని తాతకు నేను ఎత్తి పోసిన సంగతి అతనికి తెలుసో లేదో నేనడగలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది గాని, చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.