వంతెన దాటి పెట్రోలు

ఎదుర్లంక వద్ద గౌతమి మీది వంతెన దాటగానే యానాం. అది పుదుచ్చేరి ప్రభుత్వము క్రింద ఉన్నది. అక్కడ పెట్రోలు మీద పన్ను తక్కువ. అందుచేత కోనసీమ మోటారు సైకిళ్లు వంతెన దాటి వెళ్లి ట్యాంకు నింపుకొని వస్తాయి. రావులపాలెం, అమలాపురం మీదుగా ఈమధ్య ఆ దారిన వెళ్లినప్పుడు మేమూ అదే పని చేశాము. లీటరు మీద రూపాయి తేడాను ఇంత బాగా లెక్కించే మనము, కార్డు గీసినప్పుడు పోయే పైకమును గూర్చి అడుగమేమి?

కార్డు గీస్తే బంకు యజమానికి చేరే సొమ్ములో బ్యాంకు కొంత పట్టుకొంటుంది. 2016లో పెద్దనోట్లు రద్దయ్యాక, డిసెంబరు 13 నుండి కార్డుతో కొన్నవారికి వంద రూపాయలకు 75 పైసలు తగ్గించారు. మరుసటి నెలలోనే కొన్ని బ్యాంకులు ఆ రుసుము బంకులవారే భరించాలన్నవి. కార్డులు తీసికొనబోమని డీలర్లు ప్రకటించారు. వారికి లీటరుకు ఇంత అని కమీషను కట్టియున్నది. అందులో నూటికి రూపాయి పోతే మిగిలేదెంత? వారి మాట న్యాయమే అని మా అభిప్రాయము. ఆ భారము డీలర్ల మీదగాని కొనేవారి మీదగాని పడదని ప్రభుత్వము చెప్పాక గొడవ సద్దుమణిగింది. 2020 జనవరి 1 నుండి రూపే డెబిట్ కార్డుకు, బ్యాంకు ఖాతా నుండి యూపీఐ ద్వారా చేసే చెల్లింపుకు వ్యాపారి వద్ద ఆ రుసుము లేదు. క్రెడిట్ కార్డు సంగతి వేరు. దానికి సర్‌చార్జి పడుతుంది. చాలా బ్యాంకులు ఒక పరిమితి వరకు తిరిగి జమచేస్తాయి. నెల చివర వచ్చే లెక్క చూచుకొనుట మంచిది.

దారిలో మేము ఆగిన ఒక బంకులో ఇరవై ఏళ్ల అమ్మాయి పెట్రోలు పోస్తున్నది. "జీరో చూడండి బాబూ" అని ప్రతివారికీ చూపిస్తున్నది. ఒక పెద్దాయన తన ఫోను ఆమె చేతికిచ్చి, రహస్య అంకెలు కూడా బిగ్గరగా చెప్పబోయాడు. "వద్దు తాతగారూ, ఎవరికీ చెప్పకండి, మీరే నొక్కండి" అని ఫోను తిరిగి ఇచ్చింది. వెనుక ఆటో హారను కొడుతూనే ఉన్నది.

అమెరికాలోనున్న మన పిల్లలు యంత్రములో కార్డు పెట్టి, గొట్టము తామే పట్టుకొని పోసుకొంటారు. న్యూజెర్సీలో మాత్రము 1949 నాటి చట్టము వలన పోసే మనిషి ఇప్పటికీ ఉన్నాడు. మన బంకులలో ఆ మనిషి లేకపోతే ఆ తాతగారికి ఎవరు చెప్పేవారు? ఆ అమ్మాయి జీతము ఏ ఇంటికి చేరుతున్నదో!

మరొకటి. కొలత మీద అనుమానమైతే 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మీకున్నది. గాలికి, త్రాగునీటికి డబ్బు ఇవ్వనక్కరలేదు.