ఆ రెండు సెంటీమీటర్ల సంగతి

ఈసారి పిక్నిక్ పర్మిషన్ ఫారంలో కొత్తగా ఒక గడి కనిపిస్తుంది: ‘విద్యార్థి ఎత్తు, సెంటీమీటర్లలో’. ఇది యూనిఫాం కొలత కోసమా అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. కాదండి, రైడ్ల కోసం. ఆ గడి పెట్టమని అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి, ఎందుకో చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

పోయిన ఏడాది ఐదో తరగతి పిల్లలతో అమ్యూజ్‌మెంట్ పార్కుకు వెళ్లిన టీచర్లలో నేనొకదాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఐదుగురు స్నేహితులు ఒక పెద్ద రైడ్ క్యూలో నిలబడ్డారు. గేటు దగ్గర 140 అని రాసిన కొలత బోర్డు ఉంది. నలుగురు దాటారు. ఐదోవాడు కూడా దాటినట్టే కనిపించాడు. అక్కడున్న ఆపరేటర్ కుర్రాడు ఒక్క క్షణం వాడి కాళ్లవైపు చూసి, “బూట్లు విప్పు తమ్ముడూ” అన్నాడు. బూట్లలో మడిచిపెట్టిన అట్టముక్కలు బయటపడ్డాయి. వట్టికాళ్లతో కొలిస్తే 138. “ఇంకో రెండు సెంటీమీటర్లు పెరిగి రా, నేనే దగ్గరుండి ఎక్కిస్తా” అని నవ్వుతూనే పక్కకు పంపేశాడు. మనవాడు ఏడ్చేశాడు. ఆ అట్టముక్కల ఉపాయం ఎవరిదని నేను అడగలేదు. కానీ సాయంత్రం ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. “టీచర్ గారూ, అందరిలాగే మేమూ డబ్బు కట్టాం కదా. రెండు సెంటీమీటర్లకు పిల్లాణ్ని ఏడిపించాలా? మీరైనా ఒక మాట చెప్పాల్సింది.”

ఆ తండ్రి బాధ నాకు అర్థమైంది. నలుగురు పైన కేరింతలు కొడుతుంటే కింద నిలబడడం పదేళ్ల పిల్లాడికి చిన్న విషయం కాదు. కానీ నేను ఆ ఒక్క మాట చెప్పకపోవడానికి కారణం ఉంది. ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతాను.

ఆ బోర్డు మీది అంకె పిల్లల ధైర్యానికి కొలత కాదు. రైడ్ తలకిందులైనప్పుడో, ఒక్కసారిగా కిందికి దిగినప్పుడో శరీరం సీటు మీంచి పైకి లేస్తుంది. మనిషిని అప్పుడు పట్టి ఉంచేది భుజాల మీదుగా దిగే కమ్మీ, లేదా తొడల మీద బిగిసే కమ్మీ. ఫలానా కొలతల మధ్య ఉన్న శరీరానికి సరిపోయేలా దాన్ని తయారు చేస్తారు. అంతకంటే చిన్న శరీరమైతే కమ్మీ కింద సందు మిగిలిపోతుంది, పిల్లవాడు ఆ సందులోంచి జారిపోవచ్చు. భుజం ఎక్కడుంది, నడుము ఎంత అని గేటు దగ్గర ఒక్కొక్కరినీ కొలవలేరు. అందరికీ తేలిగ్గా కొలవగలిగేది ఎత్తు కాబట్టి గీత అక్కడ గీశారు. బూట్లలో అట్టముక్కలు పెడితే బోర్డు దగ్గర ఎత్తు పెరుగుతుంది. సీట్లో కూర్చున్నాక పెరగదు కదండీ.

పెద్ద శరీరాలకూ ఇదే లెక్క. అమెరికాలోని ఓర్లాండోలో పైనుంచి కిందికి వదిలే 430 అడుగుల టవర్ రైడ్ ఒకటి ఉండేది. 2022 మార్చిలో సెలవులకు అక్కడికి వెళ్లిన 14 ఏళ్ల అబ్బాయి దాని మీంచి పడి చనిపోయాడు. వాడి బరువు ఆ రైడ్ పరిమితి కంటే చాలా ఎక్కువ. కమ్మీకీ సీటుకూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే రైడ్ కదలకుండా ఆపడానికి సెన్సర్ ఉంటుంది. వాడు కూర్చున్న సీటు సెన్సర్‌ను అంతకుముందే చేత్తో సవరించారని, అందుకే అంత ఖాళీ ఉన్నా యంత్రం ‘సరే’ అందని విచారణలో తేలింది. నన్ను ఎక్కువగా కలచివేసింది ఇంకో విషయం. ఆ రోజే వేరే రైడ్ల దగ్గర, నువ్వు ఎక్కడానికి వీల్లేదని తన కొడుకును వెనక్కి పంపారని ఆ తండ్రి చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. అలా పంపినవాళ్ల మీద ఆ పిల్లాడికి ఆ పూట ఎంత కోపం వచ్చి ఉంటుందో ఊహించగలను.

నేను ఇంగ్లిష్ టీచర్ని, ఇంజనీర్ని కాదు. ఆ ఫోన్ తర్వాత ఇవన్నీ వెతికి చదివాను. వాటిలో మర్చిపోలేనిది ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో జరిగింది. అక్కడ స్మైలర్ అనే రోలర్ కోస్టర్ ఉంది. అలాంటి కోస్టర్ల పట్టాలను రైల్వే సిగ్నల్ పద్ధతిలోనే భాగాలుగా విడదీస్తారు. ముందు భాగంలో ఒక బండి ఉంటే వెనక బండిని కంప్యూటర్ కదలనివ్వదు. 2015 జూన్ 2న మనుషులు లేని టెస్ట్ బండి ఒకటి దారి మధ్యలో ఆగిపోయింది. వెనక 16 మందితో వస్తున్న బండిని కంప్యూటర్ పద్ధతి ప్రకారమే నిలబెట్టింది. కానీ ఆ రోజు పట్టాల మీదికి అదనంగా ఇంకో బండిని చేర్చిన సంగతి అక్కడున్న ఇంజనీర్లకు తెలియదు. వాళ్ల లెక్కకు బండ్లన్నీ సరిపోయాయి. పొరబడింది కంప్యూటరే అనుకుని, దాన్ని పక్కనపెట్టి బండిని వదిలారు. అది వెళ్లి ఖాళీ బండిని గుద్దింది. ఇద్దరు అమ్మాయిలు ఒక్కొక్క కాలు పోగొట్టుకున్నారు. పట్టాల్లో, బండ్లలో, కంట్రోల్ సిస్టంలో ఏ లోపమూ లేదని దర్యాప్తు తేల్చింది. సరైన పద్ధతి ఏర్పాటు చేయని కంపెనీని బాధ్యురాలిని చేసి, 2016లో కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. పనివాళ్ల మీదికి తోసేసి ఊరుకోలేదు. అది నాకు న్యాయంగా అనిపించింది.

అన్నీ గేటు దగ్గరి మనిషి చేతిలో ఉండవు. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర ఊగే రైడ్ ఒకటి విరిగిపడి ఇద్దరు చనిపోయారు. ఇనుము విరిగిన క్షణంలో బటన్ దగ్గరున్నవాడు చేయగలిగింది ఏముంటుంది? అది గేట్లు తెరవకముందు చేసే తనిఖీ, మరమ్మతు, లైసెన్సు ఇచ్చే అధికారుల పని. పిక్నిక్ స్థలం ఖరారు చేసేముందు స్కూలును ఆ ప్రశ్నలు అడిగే హక్కు మీకుంది. నిజానికి మెనూలో పనీర్ ఉందా లేదా అన్న ప్రశ్నకంటే ఇది ఎక్కువసార్లు రావాలి.

గేటు దగ్గరి మనిషి చేతిలో ఉన్నదేమిటో మాత్రం ఆ రోజు కళ్లారా చూశాను. మనవాణ్ని ఓదారుస్తూ అరగంట ఆ రైడ్ పక్కనే కూర్చున్నాను. ప్రతి రౌండుకూ ఆ కుర్రాడు ప్రతి సీటు కమ్మీనీ ఒకసారి కిందికి నొక్కి, ఒకసారి పైకి లాగి చూశాడు. రెండోవైపు ఇంకో అమ్మాయి అదే చేసింది. ఇద్దరూ చెయ్యెత్తాకే మూడో మనిషి బటన్ నొక్కాడు. నలభై నోట్‌బుక్కులు దిద్దేదాన్ని కాబట్టి, ఒకే పని పదే పదే చేస్తుంటే ముప్పయ్యో పుస్తకం దగ్గర కన్ను ఎంత అలిసిపోతుందో నాకు తెలుసు. అతనికి ఎండ, పాటల హోరు, అరుపులు అదనం. అవి చాలవన్నట్టు ఆ అరగంటలో ముగ్గురు పెద్దవాళ్లు అతనితో గొడవ పడ్డారు. ఒకాయన “మేనేజర్ని పిలువు, నీతో నాకేంటి మాట” అన్నాడు. ఆయన చంకలో ఉన్న పాపకు నాలుగేళ్లు కూడా ఉండవు. అతను చేతులు కట్టుకుని “సారీ సర్” అన్నాడే తప్ప గేటు తీయలేదు. క్లాసులో కూడా ఒక రూల్‌కు ఒకసారి మినహాయింపు ఇస్తే, మర్నాటికి ఆ రూల్ ఉండదు. ఆ గేటు దగ్గరా అంతే.

పిల్లలకు ఇంట్లోనే ముందుగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. రైడ్ మధ్యలో ఆగిపోతే భయపడి బెల్టు విప్పుకోకూడదు. 2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌లో ఒక రైడ్ తలకిందులుగా ఆగిపోయి, అందులోని వాళ్లు చాలాసేపు అలాగే ఉండిపోయారు. కమ్మీ పట్టి ఉంచింది కాబట్టే క్షేమంగా దిగారు. కమ్మీ వదులుగా అనిపిస్తే రైడ్ కదలకముందే గట్టిగా అరిచి చెయ్యెత్తాలి. ఫ్రెండ్స్ నవ్వుతారని ఊరుకోకూడదు. మనవాళ్లు చాలామంది ఊరుకుంటారు, అదే నా భయం.

ఇక ఆ గడి. ఎత్తు తెలిస్తే ఎవరు ఏ రైడ్ ఎక్కగలరో బస్సెక్కకముందే పిల్లలకు చెప్పేస్తాం, గ్రూపులు అలాగే వేస్తాం. అప్పుడు గేటు దగ్గర ఒక్కడే మిగిలిపోయే పరిస్థితి రాదు. దయచేసి బూట్లు, సాక్సులు విప్పించి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టండి. జడ, క్లిప్పులు ఉంటే తీసేయండి. తల మీద స్కేలు అడ్డంగా పెట్టి గోడమీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, టేపుతో కొలవండి. జూన్‌లో అడ్మిషన్ అప్పుడు రాసిన అంకెనే మళ్లీ రాయకండి, పిల్లలు పెరుగుతుంటారు కదా. ఫారం క్లాస్ టీచర్‌కు ఇస్తే చాలు. నిరుడు 138 ఉన్న మనవాడు పోయిన సోమవారం స్టాఫ్ రూమ్‌కు వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి కొలవమన్నాడు. 143.