జంషెడ్‌పూర్‌లో పాలపిట్ట

జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు, రాత్రివేళ ఆకాశంలో కనిపించే ఎర్రని వెలుగు మనసులో మెదలుతాయి. పిట్టలు మెదలవు. కిందటి దసరాకు నాన్నగారి వద్దకు వెళ్లేవరకు నా సంగతీ అంతే. ఉద్యోగరీత్యా శ్రీకాకుళం ప్రాంతం నుండి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగువారిలో ఆయనొకరు. ఏటా దసరానాడు బిష్టుపూర్ రామమందిరంలో దర్శనం చేసుకుని, ఊరి చివరకు నడిచి పాలపిట్టను చూసి వచ్చేవారు. మోకాలి శస్త్రచికిత్స వల్ల ఈసారి గడప దాటే వీలు లేదు.

“ఈ యేడు పాలపిట్టను చూసే యోగం లేదురా” అన్నారు.

పండుగనాడు ఒకడు బుట్టలో పిట్టను పెట్టుకుని వీధిలోకి వస్తాడని, పది రూపాయలిస్తే చూపుతాడని పొరుగువారు చెప్పారు. నాన్నగారు ముఖం తిప్పుకున్నారు. ఆ పిట్టను అంతకుముందొకసారి ఆయన చూశారట. కాళ్లు కట్టి, రెక్కలు జిగురుతో అంటించి ఉన్నాయట. “ఎగరలేని పిట్టను చూస్తే విజయం ఎలా వస్తుందిరా?” అన్న ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడమే నేరం. ఎగిరే పిట్టను ఫోటో తీసి తెస్తానని మాట ఇచ్చాను. పండుగకు నాలుగు రోజులే ఉంది.

మొదటిరోజు టాటా స్టీలు స్వర్ణోత్సవ కానుకగా 1958లో ప్రారంభమైన జూబిలీ పార్కుకు వెళ్లాను. చక్కని చెట్లు, సరోవరం, విపరీతమైన జనం. ఒక లకుముకిపిట్ట మాత్రం కనికరించింది. మరునాడు డిమ్నా సరస్సు దారి పట్టాను. దూరాన ఏనుగులకు నెలవైన దల్మా కొండలు, ఇరువైపులా వరిచేలు, వాటి మీదుగా విద్యుత్తు తీగలు. ఆ తీగ మీదనే ఉంది పాలపిట్ట!

కూర్చున్నప్పుడు దాని అందం అంతంతమాత్రమే. మట్టిరంగు రొమ్ము, బరువైన తల, గుమాస్తా ముఖం. మిడతను చూసి తీగ వదిలిన క్షణంలో మాత్రం రెక్కలలోని లేత నీలం, ముదురు నీలం ఒక్కసారి విచ్చుకుంటాయి. ఆ నీలం ఈకలకు అద్దిన రంగు కాదు. ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం మీద వెలుతురు పడి చెదరడం వల్ల కలిగేది. ఈ పిట్ట ఈకల రంగును గూర్చి సర్ సి.వి. రామన్ 1934లో పరిశోధించి వ్యాసం వెలువరించారు. ఇది ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పక్షి.

ఆ రోజంతా నాకు దక్కినవి ఖాళీ తీగలు, ఒక తోక. సెకనులో రెండువేలవ వంతు వేగంతో షట్టరు పనిచేస్తుంది గాని, నా వేలికి ఆ వేగం లేదు. మూడోరోజు కూడా అంతే. పిట్ట ప్రతిసారీ నాకు వీపు చూపి ఎగురుతోంది. సాయంత్రం టీ కొట్టువద్ద కూర్చుని ఆలోచించగా తప్పు తెలిసింది. పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది. ఉదయం గాలి తూర్పు నుండి వీస్తోంది, నేను రోడ్డు పక్కన పడమట నిలబడుతున్నాను.

నాలుగోరోజు చేనిగట్టు మీదుగా నడిచి తీగకు తూర్పున నిలిచాను. గాలి, సూర్యుడు రెండూ నా వీపునే. పిట్ట వేటాడి మళ్లీ అదే తీగకు చేరుకుంటుంది కనుక కదలకుండా ఎదురుచూశాను. రెండు గంటల తరువాత అది సూటిగా నా వైపు దూకింది. ఊపిరి బిగబట్టి మీట నొక్కి పట్టాను.

ఆ వరుసలో ఒక్కటే పనికివచ్చింది. సాక్చీలోని స్టూడియోలో పెద్దదిగా ముద్రింపించి పండుగ ఉదయం నాన్నగారి చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి, కళ్లకద్దుకుని, “కుడిరెక్క కొస తెగిందిరా” అన్నారు. నిజమే, ఫోటో అంచు దాటిపోయింది. “పోనీలే, రెక్క అంటించి లేదు.”

హిందీవారికి అది నీలకంఠ్, బెంగాలీలకు నీలకంఠ పాఖీ. దుర్గా నిమజ్జనంనాడు కొన్ని బెంగాలీ జమీందారీ ఇళ్లలో దానిని వదిలే ఆచారం ఉండేది. అందుచేత సాయంత్రానికి పొరుగిళ్ల వారందరూ మా వరండాలోకి చేరారు. నాన్నగారు కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోటో చూపారు. ఎవరివద్దా పది రూపాయలు పుచ్చుకోలేదు.