ఇత్తడి రేకు, బొమ్మ ట్యాంకు

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం వాడిన పాంజర్ 4 ట్యాంకుకు పక్కల ఉన్న ఉక్కు కవచం మందం 30 మిల్లీమీటర్లు. సోవియట్ సైనికుల 14.5 మిల్లీమీటర్ల ట్యాంకు విధ్వంసక తుపాకుల నుంచి దానికి ముప్పు ఉండడంతో 1943లో చుట్టూ పలుచని ఉక్కు పలకలు వేలాడదీశారు. పక్కల తగిలించినవి 5 మిల్లీమీటర్లు, ఫిరంగి ఉండే టరెట్ చుట్టూ బిగించినవి 8 మిల్లీమీటర్లు. ఇదే ట్యాంకును 1/35 కొలతలో బొమ్మగా చేస్తే పక్క పలక మందం 0.14 మిల్లీమీటర్లు రావాలి. ప్లాస్టిక్ అచ్చులో అంత పలుచగా పోయడం కష్టం. పలక 1 మిల్లీమీటరు వచ్చిందంటే అసలు లెక్కలో అది 35 మిల్లీమీటర్లు, అంటే తాను కాపాడాల్సిన కవచం కంటే మందం. ఇత్తడితో పని పడేది ఇక్కడే.

ఈ 1/35 కొలత వెనుక పెద్ద శాస్త్రమేమీ లేదు. జపాన్‌కు చెందిన తమియా కంపెనీ 1960ల తొలినాళ్లలో పాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల మోటారుకు కావలసిన రెండు బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకుంది. తర్వాత కొలిచి చూస్తే అది అసలులో దాదాపు ముప్పై అయిదో వంతు అని తేలింది. మిగతా కంపెనీలు కూడా అదే దారి పట్టాయి.

ఇత్తడి భాగాలను కత్తిరించి చేయరు, ఫొటో తీసినట్టు చేస్తారు. పలుచని రేకుకు రెండు వైపులా కాంతికి స్పందించే పూత పూసి, నమూనా ముద్రించిన ఫిల్ము ఆనించి అతినీలలోహిత కాంతి పడనిస్తారు. కడిగాక పూత నిలిచిన చోట లోహం మిగులుతుంది, పోయిన చోటును ఫెర్రిక్ క్లోరైడ్ వంటి ద్రావణం తినేస్తుంది. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో సర్క్యూట్ బోర్డు చేసినవారికి ఇది తెలిసిన తంతే. రెండు వైపులా తినిపిస్తే రంధ్రం, ఒక వైపే తినిపిస్తే సగం లోతు గాడి. ఆ గాడే మడత గీత. చెక్ దేశపు ఎడ్వార్డ్, పోలండ్‌కు చెందిన అబెర్ వంటి సంస్థల రేకుల్లో గోరు మీద నాలుగైదు పట్టేంత చిన్న భాగాలు కూడా ఉంటాయి.

రేకు నుంచి భాగాన్ని విడదీసేటప్పుడు కింద గాజు పలకో టైలో ఉండాలి. మెత్తటి చాప మీద కోస్తే అంచు వంగిపోతుంది. కోసిన చోట మిగిలిన మొన ఆకురాయితో పోతుంది. గాడి సాధారణంగా మడత లోపలి వైపుకు రావాలి. తిరగేసి మడిచి మళ్లీ సరిచేయబోతే రేకు విరుగుతుంది. గుండ్రంగా చుట్టాల్సిన భాగాన్ని ముందు మంట మీద కాల్చి మెత్తబరుస్తారు. పొడవైన మడతకు బిగింపు పరికరం మేలు, చిన్నవాటికి స్టీలు స్కేలు, బ్లేడు చాలు.

ప్లాస్టిక్ జిగురు ఇత్తడిని పట్టదు కనుక సూపర్ గ్లూ వాడతారు. కానీ అంచు అంచు ఆనే సన్నని అతుకుకు దాని బలం చాలదు, టంకం వేయాల్సిందే. చిక్కేమిటంటే వేడి రేకంతా పాకుతుంది, ఒక అతుకు వేస్తుంటే పక్క అతుకు ఊడుతుంది. కంసాలి పనిలోలాగే మొదటి అతుకుకు ఎక్కువ వేడికి కరిగే టంకం, తర్వాతిదానికి తక్కువ వేడికి కరిగేది వాడితే ఈ బాధ తగ్గుతుంది. బొమ్మ ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్ ఆ వేడికి ఆగదు గనుక ఇత్తడి కూర్పు విడిగా పూర్తయ్యాకే ప్లాస్టిక్ మీదికి ఎక్కాలి.

రేకుల ప్యాకెట్ కొన్నాం కదా అని అన్నీ అతికించడం మాత్రం తెలివి కాదు. ఇలా ద్రావణంతో రేకును తినిపించే ఎచింగ్ పలకకు సరిపోతుంది, గుండ్రటి కడ్డీకి కాదు. చేతిపిడిని రేకుతో చేస్తే రిబ్బనులా కనిపిస్తుంది. అక్కడ రాగి తీగ నయం. ఫిరంగి గొట్టానికీ అంతే. పాంజర్ 4 చివరి రకాల 75 మిల్లీమీటర్ల ఫిరంగి గొట్టం పొడవు దాని వ్యాసానికి 48 రెట్లు, బొమ్మలో సుమారు 10 సెంటీమీటర్లు. రెండు ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ గొట్టం మీద అతుకు గీత అరగదీస్తే గుండ్రదనం పోతుంది. లేత్ మీద తిప్పి చేసిన లోహపు గొట్టానికి ఆ బెడద లేదు.

పక్క పలకల దగ్గర మాత్రం ఇత్తడికి సాటి లేదు. అసలు ట్యాంకు మీద అవి కొక్కేలకు వేలాడుతూ, చెట్టుకో గోడకో తగిలి వంకర పోయేవి, కొన్ని ఊడిపడేవి. ఇత్తడి కూడా వేలితో నొక్కితే అలాగే వంగుతుంది. ప్లాస్టిక్‌తో ఆ వంపు తేవాలంటే చెక్కి అరగదీయాలి. వంపులన్నీ పూర్తయ్యాక వేలి జిడ్డు పోయేలా కడిగి, లోహాన్ని పట్టుకునే ప్రైమర్ పూసిన తర్వాతే రంగు. ప్రైమర్ లేని ఇత్తడి మీద రంగు పెచ్చులుగా లేస్తుంది. రంగు వేశాక కొత్తగా వంచినా అంతే.